జీర్ణ వాహన దానము – శాస్త్ర దృష్టి, లోక దృష్టి



 

దానమును గూర్చి ప్రవచించునపుడు గోదానము, భూదానము, సువర్ణదానము, అన్నదానము, విద్యాదానము అని వరుసగా చెప్పుట మాకు అలవాటు. వినుట మీకు అలవాటు. కాని యీ నడుమ మన గోదావరి సీమలో పురాణము ముగిసిన పిమ్మట గృహస్థులు వచ్చి అడుగు ప్రశ్నలు మారినవి. "అయ్యా! మా కారు ప్రమాదములో దెబ్బ తిన్నది. బాగుచేయించుటకు లక్షలగునని షెడ్డువారు చెప్పిరి. అమ్మబోయిన కొనువారు లేరు. ఏ దేవాలయమునకో, వృద్ధాశ్రమమునకో ఇచ్చివేసినచో పుణ్యము కలుగునా?" అని ఒకరు గాదు, పలువురు అడుగుచున్నారు.

ఇది క్రొత్త ప్రశ్నవలె తోచును. కారు క్రొత్తదే గాని ప్రశ్న మాత్రము మిక్కిలి ప్రాచీనము. వేదాంత వాఙ్మయములో సుప్రసిద్ధమైన కఠోపనిషత్తు ఈ ప్రశ్నతోడనే ప్రారంభమగుచున్నది. కావున తొందరపడి ఔననియు కాదనియు చెప్పక, శాస్త్రము ఏమనుచున్నదో, నేటి చట్టము ఏమనుచున్నదో, లోకానుభవము ఏమనుచున్నదో క్రమముగా విచారింతము.

నచికేతుడు చూచినది

వాజశ్రవసుడను నతడు విశ్వజిత్తను యాగమును చేసెను. ఆ యాగమున తనకున్న సర్వస్వమును దక్షిణగా ఈయవలెను. ఆయనయు ఇచ్చుచున్నాడు. కాని ఏమిచ్చుచున్నాడు? త్రాగవలసిన నీరు త్రాగివేసి, మేయవలసిన గడ్డి మేసివేసి, పాలు ఉడిగి, ఈనిక ఉడిగి, నిలువలేక నిలిచియున్న ముసలి ఆవులను తోలించుచున్నాడు. లెక్కకు గోవులే. సంకల్పమున చెప్పునది గోదానమే. తీసికొన్నవానికి మాత్రము పాలు లేవు, దూడ లేదు, మేపు ఖర్చు మిగిలినది.

దానిని చూచినది పెద్దలు కారు, ఋత్విక్కులు కారు, బాలుడైన నచికేతుడు. ఆ బాలునిలో శ్రద్ధ ప్రవేశించెనని ఉపనిషత్తు చెప్పుచున్నది. ఇట్టి దానము చేసిన మా తండ్రికి ఏ గతి పట్టునోయని అతడు భయపడెను. తండ్రిని నిందింపలేదు. "నన్నెవరికిచ్చెదవు?" అని మాత్రము అడిగెను. తరువాతి కథ మీ రెఱుగుదురు.

ఇక్కడ గమనింపవలసినది ఒకటి కలదు. ఆ గోవులు ముసలివగుట దోషము కాదు. ముసలి గోవును పోషించుట గొప్ప ధర్మము. ఆ పోషణభారమును తాను వహింపక, పరునిపై మోపి, దానికి దానమను పేరు పెట్టుట దోషము. మన ప్రశ్నకు మూలసూత్రము ఇదియే. వస్తువు పాతదా, క్రొత్తదా యని కాక, మనము పుచ్చుకొనువానికి సౌఖ్యమును ఇచ్చుచున్నామా, భారమును దింపుచున్నామా యని అడుగవలెను.

దానమనగా నేమి?

మీమాంసకులు యాగము, హోమము, దానము అను మూటికి భేదమును చెప్పిరి. దేవతను ఉద్దేశించి ద్రవ్యమును విడుచుట యాగము. ఆ ద్రవ్యమును అగ్నియందు వేయుటయు కలిసిన హోమము. ఇక దానమనగా, వస్తువుపై తన స్వత్వమును తొలగించుకొని, పరునికి స్వత్వమును కలిగించుట. స్వత్వమనగా "ఇది నాది" యను హక్కు. ఇందు రెండు క్రియలున్నవి. మొదటిది మాత్రము జరిగి రెండవది జరుగకున్న అది పారవేయుట యగును గాని దానము కాదు. చెత్తకుండీలో వేసినవాడును తన స్వత్వమును విడుచుచున్నాడు. వానిని దాత యని యెవరును అనరు గదా!

ధర్మశాస్త్ర నిబంధకారులు దానమునకు ఆరు అంగములను చెప్పిరి. దాత, ప్రతిగ్రహీత, శ్రద్ధ, న్యాయార్జితమై ఈయదగిన వస్తువు, తగిన దేశము, తగిన కాలము. ఈ యారింటిలో మన గృహస్థులు సామాన్యముగా దాతను, వస్తువును మాత్రమే చూతురు. పుచ్చుకొనువానికి ఆ వస్తువు కావలెనా యని అడుగుట మఱతురు. గీతాచార్యుడు పదునేడవ అధ్యాయమున దానమును మూడు తెఱగులుగా విభజించెను. దేశమును, కాలమును, పాత్రను చూచి, తిరిగి యేమియు కోరక ఇచ్చునది సాత్త్వికము. ప్రతిఫలమును కోరియో, మనసున బాధపడుచునో ఇచ్చునది రాజసము. అపాత్రునకు, అవజ్ఞతో, అగౌరవముతో ఇచ్చునది తామసము. ఇంటిముందు స్థలము ఖాళీ యగుటకై విరిగిన బండిని ఆశ్రమమునకు త్రోయించుట ఈ మూటిలో ఏ కోవకు చెందునో మీరే నిర్ణయించుకొనుడు.

మన కోనసీమలో అతిథి వచ్చినపుడు చినిగిన అరటియాకులో వడ్డింపరు. ఇంట ఒక్క మంచి ఆకే యున్న అది అతిథికి వేసి, చినిగినది తాము వేసికొందురు. శాస్త్రము చదువని గృహిణికిని తెలిసిన ధర్మమిది. దానమునకును ఇదే కొలబద్ద.

దెబ్బ తిన్న వాహనములో దాగియున్న ప్రమాదము

చినిగిన వస్త్రమును ఇచ్చిన పుచ్చుకొన్నవాడు సిగ్గుపడును, అంతతో సరి. దెబ్బ తిన్న కారు అట్టిది కాదు. అది ప్రాణములను మోయునది. చిల్లుపడిన పడవకు రంగు వేయించి రేవులో దానము చేసిన, ఆ దోషము దాతతో, గ్రహీతతో ఆగునా? ఏటి నడుమ దానిలో కూర్చున్న పిల్లలకు తగులును.

మన డెల్టాలో వాహనములు చెడుటకు వరద యొక ముఖ్య కారణము. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన మహా వరదను పెద్దలు నేటికిని చెప్పుకొందురు. 2022 జూలైలో ధవళేశ్వరము వద్ద 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రమునకు పోయినది. లంక గ్రామములు నీట మునిగినవి. అట్టి సమయములలో నీట నానిన కారు ఎండలో రెండు వారములున్న పిదప చూచుటకు బాగుగనే యుండును. తుడిచిన మెఱయును. కాని లోపలి సంగతి వేరు. ఇంజనులోనికి గాలి పోవు మార్గమున నీరు చేరియుండగా స్టార్టు చేసిన, గాలివలె నీరు అణగదు గనుక లోపలి కడ్డీలు వంగిపోవును. కావున నీట మునిగిన బండిని మెకానిక్కు చూచువఱకు స్టార్టు చేయనే కూడదు. ఒండ్రు మట్టి బ్రేకులలో చేరును. విద్యుత్తు తీగల అతుకులు నెలలు గడచిన కొలది చిలుము పట్టును. ప్రమాదమున తెఱచుకొని ప్రాణము కాపాడవలసిన గాలిసంచులు అప్పుడు తెఱచుకొనకపోవచ్చును. ఢీకొన్న వాహనములలో చట్రము వంగియుండిన, పైరేకు సరిచేసి రంగు వేసినను ఆ వంపు పోదు.

ఇట్టి దానిని "అంతయు బాగుగనే యున్నది" యని చెప్పి ఇచ్చుట దానము కాదు, అసత్యము. వస్తుదోషమును మరుగుపరచి అమ్మినవానికి స్మృతులు దండనము విధించినవి. అమ్మకమునందే దోషమైనది దానమునందు దోషము కాకపోవునా? తైత్తిరీయమున శిష్యునకు దానవిధిని ఉపదేశించునపుడు శ్రద్ధతో ఇమ్మని చెప్పి, సిగ్గుతోను, భయముతోను, తెలివిడితోను ఇమ్మని చెప్పిరి. భయమెందులకు? నేనిచ్చునది వీరికి కీడు చేయదు గదా యను భయమును మేము అందు చేర్చి చెప్పుకొనుచున్నాము.

నృగ మహారాజు కథయు, ఆర్.సి. పుస్తకమును

నృగుని కథ భాగవత దశమ స్కంధమునను, భారత ఆనుశాసనిక పర్వమునను కలదు. ఆయన లెక్కలేనన్ని గోవులను దానము చేసిన మహాదాత. ఆయన ఇచ్చినవి వట్టిపోయిన గోవులు కావు. పాడి గోవులు, దూడలతో కూడినవి, అలంకరింపబడినవి. అయినను ఒకనాడు, అంతకుముందే ఒక విప్రునకు ఇచ్చిన గోవు తప్పించుకొని వచ్చి రాజుగారి మందలో కలిసెను. రాజు ఎఱుగక దానినే మరియొకనికి దానము చేసెను. ఇద్దఱును "నాది, నాది" యని వచ్చిరి. ఒక్క గోవునకు బదులు లక్ష గోవుల నిత్తునన్నను ఒప్పుకొనలేదు. తుదకు ఆ మహాదాత తొండయై పాడునూతిలో పడియుండి, శ్రీకృష్ణ స్పర్శచే విముక్తి నొందెను.

వస్తువు ఎంత మంచిదైనను, అది ఎవరి స్వత్వములో నున్నదో నిర్ణయింపక ఇచ్చిన దానము దాతను బంధించునని దీని తాత్పర్యము. నేటి కాలమున వాహనము యొక్క స్వత్వమును తెలుపునది రిజిస్ట్రేషను పత్రము, అనగా ఆర్.సి. తాళపుచెవులు ఇచ్చి, ఫొటో తీయించుకొని, శాలువా కప్పించుకొని వచ్చినంత మాత్రమున స్వత్వము మారదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 50వ విభాగము ప్రకారము యాజమాన్యము మారినపుడు ఇచ్చినవాడు అదే రాష్ట్రములోనైన 14 దినములలోను, వేరు రాష్ట్రమైన 45 దినములలోను రిజిస్టరు చేయు అధికారికి తెలుపవలెను. పుచ్చుకొన్నవాడు 30 దినములలో తెలుపవలెను. దీనికి 29, 30 సంఖ్యల ఫారములున్నవి.

ఇది చేయకున్న ఏమగును? 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి ప్రతి గృహస్థుడును తెలిసికొనదగినది. ఒకాయన 2007లో తన కారును అమ్మివేసెను. అది చేతులు మారి, చేతులు మారి పోయినది. రికార్డులో మాత్రము పేరు మారలేదు. 2009లో ఆ కారు వెనుకకు నడుపబడుచుండగా వీధిలో నడుచుచున్న ఒక స్త్రీకి తగిలెను. ఆమె వెంట నున్న బాలుడు మరణించెను. పరిహారము ఎవరీయవలెనను వాదము సుప్రీంకోర్టు దాక పోయెను. రికార్డులో ఎవరి పేరున్నదో ఆయనయే చట్టము దృష్టిలో యజమాని, ఆయనయే బాధ్యుడు అని న్యాయస్థానము నిర్ణయించెను. మరణించిన బిడ్డ తలిదండ్రులు, కాగితములలో లేని యజమానుల వెంట ఒకరి తరువాత ఒకరిని వెదకుకొనుచు తిరుగరాదు గదా! చట్టము నృగుని కథనే మరియొక భాషలో చెప్పినది.

ఇంకొక చిక్కు కలదు. కారుపై బ్యాంకు అప్పు తీరకున్న, అది పూర్తిగా మనది కాదు. అప్పు తీర్చి, 35వ ఫారముతో ఆర్.సి.లోని తాకట్టు నమోదును తొలగింపించిన పిదపనే ఈయవలెను. అట్లే ఇన్సూరెన్సు సంగతి. బాగుచేయు ఖర్చు బీమా విలువలో నూటికి 75 వంతులు మించిన దానిని పూర్తి నష్టముగా పరిగణించి పరిహారమిత్తురు. ఆ పరిహారమును పుచ్చుకొనునపుడు శిథిలము ఎవరికి చెందవలెనో ఒడంబడిక యుండును. సొమ్ము మనము తీసికొని, కంపెనీకి పోవలసిన శిథిలమును గుడికిచ్చుట "అత్త సొమ్ము అల్లుడు దానము చేసినట్లు" అను సామెతకు సరిపోవును.

మరియొక ఘోరము కూడ జరుగుచుండును. తుక్కుగా పోయిన కారు యొక్క ఆర్.సి.ని, ఛాసిస్ నంబరును దుర్మార్గులు సంపాదించి, దొంగిలించిన వేరొక కారునకు తగిలించి నడిపింతురు. అందుచేతనే వాహనము పూర్తిగా నశించినను, శాశ్వతముగా పనికిరాకపోయినను యజమాని 14 దినములలో తెలియజేసి ఆర్.సి.ని అప్పగింపవలెనని అదే చట్టము 55వ విభాగమున విధించినది. దానము చేసితిమని మఱచిపోయిన బండి పేరుతో పోలీసులు మన వాకిటికి వచ్చుట కంటె, ముందుగనే కాగితములు సరిచేసికొనుట మేలు గదా!

దూరదేశమున మనవారి యనుభవము

అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములవారు సెలవులలో స్వగ్రామమునకు వచ్చినపుడు, అక్కడ పాత కారును ధర్మసంస్థకిచ్చుట సామాన్యమని చెప్పుదురు. నడువని కారునైనను ధర్మసంస్థ పక్షమున వచ్చి లాగుకొనిపోయి, వేలము వేసి, వచ్చిన సొమ్మును సంస్థకు చేర్తురు. దాతకు ఆదాయపు పన్నులో తగ్గింపు కలుగును. ఇది వినసొంపుగా నున్నది. కాని ఇందులోను వాజశ్రవసుని గోవులు ప్రవేశించినవి.

2003లో ఆ దేశపు ప్రభుత్వ లెక్కల తనిఖీ కార్యాలయము 54 కారు దానములను పరిశీలించెను. సుమారు మూడింట రెండు వంతుల దానములలో, దాత పన్ను పత్రములో చెప్పుకొన్న విలువలో నూటికి 5 వంతులో, అంతకంటె తక్కువయో మాత్రమే ధర్మసంస్థకు చేరినట్లు తేలెను. నూఱు చెప్పుకొని ఐదు ఇచ్చుటయన్నమాట! అంతట శాసనమును మార్చిరి. 2005 జనవరి నుండి, 500 డాలర్లకు పైబడి తగ్గింపు కోరు దాత, సంస్థ ఆ కారును అమ్మివేసినచో, అమ్మిన ధరనే తన దానముగా చెప్పుకొనవలెను. సంస్థ దానిని తన సేవాకార్యమున నిజముగా వాడుకొన్నను, చెప్పుకోదగినంత బాగుచేయించినను, లేక బీదవానికి చాల తక్కువ ధర కిచ్చినను మాత్రమే అంగడి విలువను చెప్పుకొనవచ్చును. ధర్మశాస్త్రము చదువని ఆ శాసనకర్తలు సైతము, పుచ్చుకొన్నవానికి కలిగిన ఉపయోగమే దానమునకు కొలత యను నిర్ణయమునకే వచ్చిరి.

మన దేశమున 1961 నాటి ఆదాయపు పన్ను చట్టములో 80జి విభాగము ధనరూపమైన దానమునకే తగ్గింపు నిచ్చినది. వస్తురూపమైన దానమునకు ఈయలేదు. కావున పాత కారు ఇచ్చి పన్ను తగ్గించుకొందమను ఆశతో వచ్చువారు ముందుగా ఆడిటరును అడిగి రావలెను. ఆ ఆశ లేకుండ వచ్చినవారి దానము సాత్త్వికమునకు ఒక మెట్టు దగ్గర.

దేవస్థానములకు వాహనములు

దేవునికి వాహనమును సమర్పించుట మన సంప్రదాయమున లేనిది కాదు. రథములు, పల్లకీలు, గరుడ, హంస, అశ్వ వాహనములు భక్తులు చేయించి ఇచ్చినవే. నేటి కాలమునకు తగినట్లు మోటారు వాహనములును ఇచ్చుచున్నారు. 2023 మార్చిలో హైదరాబాదునకు చెందిన మేఘా ఇంజనీరింగు సంస్థ పక్షమున తిరుమల తిరుపతి దేవస్థానములకు పది విద్యుత్ బస్సులు సమర్పింపబడినవి. కొండపై భక్తులను ఉచితముగా త్రిప్పు ధర్మరథములకై అవి ఉద్దేశింపబడినవి. ఇచ్చినది క్రొత్తది, పుచ్చుకొన్నవారికి దాని యవసరమున్నది, నడుపుటకు డ్రైవర్లు, నిలుపుటకు షెడ్లు, బాగుచేయుటకు పనివారు వారికి కలరు. పాత్రత యనగా ఇదియే.

కేరళ దేశమున గురువాయూరు దేవాలయమునకు 2021 డిసెంబరులో మహీంద్రా సంస్థ ఒక క్రొత్త థార్ వాహనమును సమర్పించెను. దేవస్వము వారికి దానితో పని లేదు గనుక వేలము వేసిరి. పాటకు ఒక్కరే రాగా 15 లక్షల 10 వేల రూపాయలకు పోయినది. ఆ వేలముపై ఆక్షేపణలు రాగా 2022 జూన్‌లో మరల వేలము వేసిరి. ఈసారి 43 లక్షలు పలికినది. దేవుని సొత్తు విషయమున తొందర కూడదనియు, పదిమంది ఎదుట జరిగినపుడే దాని విలువ తేలుననియు ఈ వృత్తాంతము తెలుపుచున్నది.

ఇక చిన్న దేవాలయము సంగతి ఆలోచింపుడు. అర్చకునకు జీతమే కష్టముగా నున్నచోట, నడువని కారు వచ్చి వేపచెట్టు క్రింద నిలిచినదనుకొనుడు. దానిని లాగించుటకు ఖర్చు, బాగుచేయించుటకు ఖర్చు, రోడ్డెక్కవలెనన్న తప్పనిసరియైన థర్డు పార్టీ ఇన్సూరెన్సునకు ఖర్చు. ఇవన్నియు హుండీలో బీదవాడు వేసిన రూపాయి నుండియే రావలెను. అనగా, సంపన్నుడు పుణ్యము కట్టుకొనగా దాని వెలను బీదవాడు చెల్లించినట్లగును. తుదకు టైర్లు మట్టిలో దిగి, తీగలు అల్లుకొని, పాములకు నెలవగును. దాత పేరు వ్రాసిన అద్దము మాత్రము మిగులును!

మఱి యేమి చేయవలెను?

ఇంతవఱకు వినినవారు "అట్లైన పాతది ఈయనే కూడదా?" యని అడుగవచ్చును. మేమట్లు చెప్పుట లేదు. పాతది వేరు, పనికిరానిది వేరు. దెబ్బ తిన్న కారు నుండి కూడ శుద్ధమైన దానమును పిండుకొను మార్గములు నాలుగు కలవు.

మొదటిది జీర్ణోద్ధారణము. బాగుచేయదగిన కారైనచో మన ఖర్చుతో బాగుచేయించి, నమ్మకమైన మెకానిక్కుచే పరీక్ష చేయించి, ఇన్సూరెన్సు కట్టి, పేరు మార్పించి, మిగిలిన చిన్న లోపములను కాగితముపై వ్రాసి ఇచ్చుట. శిథిలమైన దానిని నిలబెట్టుట నూతన నిర్మాణమునకు తీసిపోని పుణ్యమని పెద్దలు చెప్పుదురు. మన కాటన్ దొరగారి ఆనకట్ట 1847 నుండి 1852 వఱకు కట్టబడినది. అది జీర్ణింపగా "ఎట్లో నడచును లే" యని విడువక, క్రొత్త బ్యారేజిని కట్టి, 1980 దశకమున వాడుకకు తెచ్చిరి. నేడు మనము తినుచున్న అన్నము ఆ జీర్ణోద్ధారణ ఫలమే. రోగులను ఆసుపత్రికి చేర్చు సేవాసంస్థకు, లేదా వికలాంగులను బడికి చేర్చు సంస్థకు ఇట్లు బాగుచేసిన కారు అమృతతుల్యము.

రెండవది అమ్మి ధనము నిచ్చుట. ఉన్న లోపము చెప్పి, వచ్చిన ధరకు అమ్మి, పేరు మార్పించి, ఆ సొమ్మును అన్నదానమునకో, విద్యార్థుల భోజనమునకో ఇచ్చుట. ఇది సులభము, నిర్దుష్టము. గొప్పగా ఫొటో రాదు, అదియొక లాభమే.

మూడవది విధ్యుక్తముగా తుక్కు చేయించుట. 2021 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వము వాహనములను తుక్కు చేయు కేంద్రములకు నియమములను ప్రకటించినది. అట్టి రిజిస్టరు పొందిన కేంద్రమున అప్పగించిన, వారు రికార్డులను సరిచూచి, అప్పగింత సర్టిఫికెట్టును, తుక్కు చేసిన సర్టిఫికెట్టును ఇత్తురు. ఆ నంబరు మరల దుర్వినియోగము కాదు. అప్పగింత సర్టిఫికెట్టుతో క్రొత్త వాహనము కొనునపుడు సొంత వాహనములకు పన్నులో నూటికి 25 వంతుల దాక రాయితీ ఈయవచ్చునని కేంద్ర నియమము. దానిని రాష్ట్రములు అమలు పరుపవలెను. తుక్కు ధరయు, కలిగిన రాయితీయు కలిపి దానము చేసినవాడు, ఆయువు తీరిన వాహనమునకు అంత్యసంస్కారము చేసి, దాని పేర ధర్మము చేసినవాడగును.

నాలుగవది విద్యాదానము. ప్రయాణమునకు పనికిరాని కారు పాఠమునకు పనికివచ్చును. ఐ.టి.ఐ.లలో, పాలిటెక్నిక్కులలో మోటారు మెకానిక్కు విద్య నేర్చు పిల్లలకు విప్పి చూచుటకు ఇంజను కావలెను, గేరు పెట్టె కావలెను. ముందుగా ప్రిన్సిపాలుగారిని అడిగి, వారు కావలెనన్న, ఆర్.సి.ని చట్టప్రకారము రద్దు చేయించి, రోడ్డెక్కని వస్తువుగా ఇయ్యవలెను. ఆశ్రమమునకు ఇచ్చిన భారమైన వస్తువే ఇచ్చట విద్య యగుచున్నది. వస్తువు మారలేదు, పాత్ర మారినది. పాత్రను ఎంచుటయే దానములో సగము పాండిత్యము.

పుచ్చుకొనువారి ధర్మము

దాతకు చెప్పినట్లే గ్రహీతకును చెప్పవలెను. ప్రతిగ్రహమునకు నియమములున్నవి, వచ్చినదెల్ల పుచ్చుకొనుట ధర్మము కాదు. ట్రస్టుల పెద్దలు మొగమాటమునకు పోయి "సరే, ఉంచి వెళ్ళుడు" అనరాదు. ఆర్.సి., ఇన్సూరెన్సు, అప్పు లేదను పత్రము, చెల్లింపని చలానాలు చూచి, మెకానిక్కుచే పరీక్షింపజేసి, కమిటీలో తీర్మానము వ్రాసి, పేరు మార్పు జరిగిన పిదపనే బండిని వాడవలెను. వలదనవలసి వచ్చిన దాతకు నమస్కరించి, "అయ్యా! దీనిని అమ్మి యెంత వచ్చిన అంత అన్నదానమునకు ఈయుడు" అని మార్గము చూపవలెను. నచికేతుడు తండ్రికి చేసిన ఉపకారము అట్టిదే.

ముగింపు

మన లంకల గన్నవరమున డొక్కా సీతమ్మ గారు (1841–1909) వేళ గాని వేళ వచ్చిన బాటసారికిని, జాతికుల భేదము లేక అన్నము పెట్టిరి. ఆమె ఇచ్చినది రాజ్యములు కాదు, ఏనుగులు కాదు, వండిన అన్నము. భారతమున అశ్వమేధ పర్వములోని ముంగిస కథయు ఇదే చెప్పుచున్నది. ఆకలితో నున్న బీద కుటుంబము అతిథికిచ్చిన పేలపిండి, ధర్మరాజు చేసిన అశ్వమేధము కంటె మిన్న యయ్యెను. ఆ పిండి కొంచెమే గాని, పాడైనది కాదు. తమకు పనికిరానిది కాదు, తమకు ప్రాణావసరమైనది. దానము చిన్నదగుట లోపము కాదు. ఒక బీద కార్మికుడు తాను త్రొక్కుచున్న పాత సైకిలును బ్రేకులు వేయించి, బడికి నడిచి పోవు పిల్లవానికిచ్చిన, అది కారు దానమునకు తీసిపోదు.

కావున గృహస్థులారా! దెబ్బ తిన్న కారును ఈయదలచినపుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఇది పూర్తిగా నాదేనా? పుచ్చుకొనువారికి ఇది నిజముగా కావలెనా? ఇందులో నా బిడ్డను కూర్చుండబెట్టి రాత్రివేళ రాజమహేంద్రవరము నుండి అమలాపురమునకు పంపుదునా? మూటికిని ఔనని జవాబు వచ్చిన, మంచి దినము చూచి, పసుపు కుంకుమలు పెట్టి, సంతోషముగా తాళములు అందింపుడు. ఒక్కటికి కాదని వచ్చినను, అమ్మి ధనమిండు, లేదా తుక్కు చేయించి ధనమిండు. పుణ్యమునకు లోటు లేదు. పైగా రోడ్డుపై నడుచు ముక్కు మొగము తెలియని బిడ్డకు మీవలన అపాయము లేదు. ఆ బిడ్డకు మీరు ఇచ్చినది అభయదానము. అది అన్ని దానములలో ఉత్తమమని పెద్దల మాట.

స్వస్తి.